ఫస్టియర్‌లో తప్పు జరిగే రోజు వేరు, తెలిసే రోజు వేరు

స్కూల్లో హోంవర్క్ రాయకపోతే మర్నాడే తెలిసిపోతుంది. టీచర్ నిలదీస్తారు, వారం పరీక్షలో మార్కులు తగ్గుతాయి, ఇంటికి కబురు వెళ్తుంది. కాలేజీలో అదే పని వదిలేస్తే ఏమీ జరగదు. మర్నాడూ జరగదు, ఆ పై వారమూ జరగదు. ఆరేడు వారాల తర్వాత మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) పేపర్ చేతికొచ్చిన రోజున జరుగుతుంది. అప్పటికి వెనకబడింది ఒక్క హోంవర్క్‌లో కాదు, రెండు యూనిట్లలో.

ఫస్టియర్ ఎందుకు కష్టం అని అడిగితే సిలబస్ ఎక్కువనో, ఇల్లు గుర్తొస్తుందనో చెప్తారు. అవీ ఉన్నాయి. నా దృష్టిలో అంతకంటే పెద్ద చిక్కు ఈ ఆలస్యం. హాజరు, డబ్బు, నిద్ర, స్నేహాలు, దేన్ని తీసుకున్నా తప్పు జరిగిన రోజుకీ అది బయటపడే రోజుకీ మధ్య వారాల దూరం ఉంటుంది. ఆ మధ్యకాలమంతా అంతా బాగానే ఉందనిపిస్తుంది. కాబట్టి ఎక్కడ జారుతున్నామో ఆ వారంలోనే మనకు తెలిసేలా ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటు ఇంకెవరూ చేసిపెట్టరు.

మొదటి వారంలో పని చదువుతో కాదు, కాగితాలతో. ప్రతి సబ్జెక్టుకీ సిలబస్‌తో పాటు మార్కుల విభజన, నియమాలు ఎక్కడో ఒకచోట రాసి ఉంటాయి. ఒక తెల్లకాగితం మీద సబ్జెక్టుకొక వరస గీసి ఇవి నింపండి: ఎన్ని క్రెడిట్లు (అంటే మొత్తం సగటులో ఆ సబ్జెక్టుకున్న బరువు), మిడ్ లాంటి ఇంటర్నల్స్‌కి ఎంత, ఫైనల్‌కి ఎంత, ఫైనల్లో విడిగా కనీస మార్కులు రావాలా, హాజరు ఎంత ఉండాలి, పరీక్ష తప్పిపోతే మళ్లీ పెడతారా, ఇది పాస్ కాకపోతే పై ఏడాదిలో ఏ సబ్జెక్టు ఆగిపోతుంది. ఏడు ప్రశ్నలు, గంట పని. నాలుగో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. ఇంటర్నల్స్‌లో 40కి 36, ఫైనల్లో 60కి 18 వచ్చినవాళ్లకి మొత్తం 54. చూడ్డానికి పాసే. ఫైనల్లో విడిగా 35 శాతం రావాలనే నియమం ఉంటే మాత్రం 21 కావాలి, అంటే ఫెయిల్. ఇంటర్నల్స్ బాగా వచ్చాయన్న ధీమాతో ఫైనల్‌ను తేలిగ్గా తీసుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

క్రెడిట్ల లెక్క కూడా అప్పుడే వేసి చూసుకోవాలి. 4 క్రెడిట్ల లెక్కల్లో పదికి 6 పాయింట్లు, 2 క్రెడిట్ల ల్యాబ్‌లో 9 పాయింట్లు వస్తే సగటు ఏడున్నర కాదు. నాలుగార్లు 24, రెండు తొమ్మిదులు 18, మొత్తం 42ని 6 క్రెడిట్లతో భాగిస్తే 7. లెక్కల్లో ఒక పాయింటు పెరిగితే ఈ సగటు 0.67 పెరుగుతుంది, ల్యాబ్‌లో పెరిగితే సగమే, 0.33. సాయంత్రం మిగిలిన గంటను ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెప్తుంది. ఇష్టమైన సబ్జెక్టు మాత్రం ఎప్పుడూ వేరే జవాబు చెప్తుంది.

ఇదే లెక్క ఫస్టియర్ భయాన్ని కూడా సరైన కొలతలో చూపిస్తుంది. ఎనిమిది సెమిస్టర్లు, అన్నిటికీ సమానమైన క్రెడిట్లు అనుకుందాం. మొదటి సెమిస్టర్లో 6 వచ్చింది, చివరికి 8 కావాలి. మిగతా ఏడింటిలో సగటున 8.29 తెచ్చుకుంటే చాలు. కష్టమే, అయినా అందేదే. మొదటి రెండింటిలోనూ 6 వస్తే మిగతా ఆరింటిలో 8.67 కావాలి. మొదటి సెమిస్టర్ పోయిందని కుంగిపోవాల్సిన పని లేదు. దాన్ని చూసి కూడా రెండోదాన్ని అలాగే నడిపిస్తే మాత్రం ధర గట్టిగానే ఉంటుంది.

ఇక హాజరు. '75 శాతం కదా, నాలుగింట్లో ఒకటి మానేయొచ్చు' అన్న లెక్క తప్పు కాదు, ప్రమాదకరం. జ్వరం, ఊరి ప్రయాణం, ఇంట్లో పెళ్లి, ఇవన్నీ కూడా ఆ పాతిక శాతంలోంచే పోవాలి. పైగా 75 నియమం ఉన్నచోట మానేసిన ఒక్క క్లాసును పూడ్చుకోవడానికి మూడు క్లాసులకు వెళ్లాలి. 80 అయితే నాలుగింటికి. ఎన్ని క్లాసులు వరసగా వెళ్తే 75కి చేరతామో తెలియాలంటే, ఇప్పటిదాకా జరిగిన క్లాసుల్ని మూడుతో హెచ్చించి, వెళ్లిన క్లాసుల్ని నాలుగుతో హెచ్చించి, మొదటిదాన్నుంచి రెండోదాన్ని తీసేయండి. 40 జరిగితే 26కి వెళ్లారనుకోండి. 120లోంచి 104 తీస్తే 16. ఒక్కటీ మానకుండా పదహారు క్లాసులు. సెమిస్టర్లో ఆ సబ్జెక్టుకి ఇంకా పన్నెండే మిగిలి ఉంటే? నియమం ప్రకారం ఆట అయిపోయినట్టే, ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఎవరూ రారు. అందుకని శాతం కాదు, మిగిలిన క్లాసులెన్నో చూడాలి. ఇంకో చిన్న మెలిక: మూడు గంటల ల్యాబ్‌ను కొన్నిచోట్ల మూడు హాజర్లుగా లెక్కేస్తారు. అలాంటిచోట ఒక్క మధ్యాహ్నం నిద్రపోతే తొమ్మిది గంటలు పూడ్చాలి.

క్లాసుకి వెళ్లడం ఒక ఎత్తు, విన్నది నిలవడం ఇంకో ఎత్తు. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపుల్ని తానే కంఠస్థం చేసి, కాలం గడిచాక వాటిని మళ్లీ నేర్చుకోవడానికి శ్రమ ఎంత తగ్గిందో కొలిచి 1885లో ప్రకటించాడు. ఇరవై నిమిషాల తర్వాత ఆదా అయిన శ్రమ 58 శాతం, గంట తర్వాత 44, ఒక రోజు తర్వాత 34, నెల తర్వాత 21. అర్థమైన పాఠం ఇంత వేగంగా పోదు. కానీ ఆకారం అదే: పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే పోతుంది, మిగిలింది నెమ్మదిగా పోతుంది. కాబట్టి సాయంత్రం పెట్టే పావుగంటా, పరీక్షకు ముందు పెట్టే పావుగంటా ఒకటి కావు.

ఆ పావుగంటలో ఏం చేయాలన్నదే అసలు విషయం. నోట్సు తిరగేస్తే సరిపోదు. పుస్తకం మూసేసి ఖాళీ కాగితం మీద ఇవాళ్టి పాఠంలో గుర్తున్నదంతా రాయండి. నిర్వచనాలు, సూత్రం, ఒక బొమ్మ, ఒక ఉదాహరణ. ఆగిపోయినచోట గీత గీసి, అప్పుడు పుస్తకం తెరిచి మిగిలింది వేరే రంగు పెన్నుతో నింపండి. ఆ రెండో రంగులో ఉన్నదే మీరు చదవాల్సింది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల చేత కొన్ని పేరాలు చదివించి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు: వాళ్లకు 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం తర్వాత పెడితే తారుమారైంది: చదివినవాళ్లకు 42 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నవాళ్లకు 56. మళ్లీ మళ్లీ చదవడం ఎందుకంత నమ్మకంగా అనిపిస్తుందో ఇందులోనే ఉంది. చదివిన వెంటనే నిజంగానే బాగా వచ్చినట్టుంటుంది. పరీక్ష మాత్రం ఐదు నిమిషాల తర్వాత పెట్టరు.

అదే రోజు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారం దాటాక ఇంకోసారి. మూడోసారికి ఐదారు నిమిషాలకు మించి పట్టదు. ఎక్కువమంది మానేసేది కూడా ఆ మూడోసారే, వచ్చేసిందన్న నమ్మకంతో.

బోర్డు ఫొటోలు తీసుకునే అలవాటు గురించి ఒక మాట. ఫొటో తీయగానే మెదడు ఆ పని అయిపోయినట్టు లెక్కేసుకుంటుంది. నెలాఖరుకి ఫోన్లో నాలుగు వందల ఫొటోలుంటాయి, ఏది ఏ సబ్జెక్టుదో తెలియదు. ఫొటో తీయడం తప్పు కాదు, కానీ దానికి 48 గంటల గడువు పెట్టండి. ఈలోగా అది నోట్సులోకి ఎక్కాలి, లేదా చెరిపేయాలి. నోట్సులో పేజీకి ఎడమవైపు రెండంగుళాలు ఖాళీగా వదిలేయండి. సాయంత్రం ఆ ఖాళీలో ఆ పక్కనున్న విషయానికి ప్రశ్న రాయండి, జవాబు కాదు. సెమిస్టర్ చివర చేతిలో మీరే తయారుచేసుకున్న ప్రశ్నల పుస్తకం ఉంటుంది.

లెక్కలున్న సబ్జెక్టుల సంగతి వేరు. అక్కడ మోసం చేసేది 'అర్థమైంది' అన్న భావన. సాధించి చూపించిన లెక్కను చదువుతుంటే ప్రతి వరసా సబబుగానే అనిపిస్తుంది, ఎందుకంటే తర్వాత ఏ అడుగు వేయాలో ఎంచుకునే పని పుస్తకమే చేసేసింది. పరీక్షలో కష్టమంతా ఆ ఎంపికలోనే. అందుకని సాధించిన లెక్క కనబడితే కింద భాగం కాగితంతో మూసి, ప్రశ్న మాత్రమే చూసి, ఇరవై నిమిషాలు కుస్తీ పట్టండి. ఆగిపోతే ఒక్క వరస మాత్రమే తెరవండి. మళ్లీ ఆగిపోతే ఇంకో వరస. మొత్తం చూసేసిన లెక్కకి తేదీ వేసి, మూడు రోజుల తర్వాత చూడకుండా చేయండి. పాతిక నిమిషాలు చదువు, ఐదు నిమిషాల విరామం అనే పద్ధతికి ఇప్పుడు మంచి పేరుంది. చదవాల్సిన పాఠాలకు బాగానే పనిచేస్తుంది. లెక్కల దగ్గర నాకది నచ్చదు. సరిగ్గా దారి దొరికే వేళకి గంట మోగుతుంది. యాభై నిమిషాలు కూర్చుని పది నిమిషాలు లేవడం నయం.

స్కూల్లో చదివిన భాష ఒకటి, కాలేజీలో పాఠం చెప్పే భాష ఇంకొకటి అయితే మొదటి రెండు నెలలు అదనపు బరువు. దీన్ని చాలామంది తెలివితేటల లోపం అనుకుంటారు, కాదు. ఇబ్బంది పెట్టేవి శాస్త్ర పదాలని కూడా అనుకుంటారు. అవీ కాదు, అవి అందరికీ కొత్తే. ఇబ్బంది పెట్టేవి 'కనీసం', 'గరిష్ఠంగా', 'అయితేనే', 'మినహా' లాంటి చిన్న అతుకు మాటలు. ఒక్కటి జారితే వాక్యం అర్థం తలకిందులవుతుంది. ప్రశ్నలోని క్రియలు ఇంకో గుంపు: నిరూపించండి, రాబట్టండి, పోల్చండి, చర్చించండి. 'పోల్చండి' అన్నప్పుడు రెండిటి గురించీ విడివిడిగా రెండు పేరాలు రాస్తే సగం మార్కులే వస్తాయి. ఒకే అంశం మీద రెండిటినీ పక్కపక్కన పెట్టాలి. ఈ మాటలన్నీ కలిపినా నలభై, యాభై ఉంటాయి. పాత ప్రశ్నపత్రాలు నాలుగు ముందేసుకుని జాబితా రాస్తే ఒక సాయంత్రంలో తేలిపోతుంది. దాంతో పాటు రేపటి పాఠంలో నాలుగు పేజీలు ముందురోజు రాత్రి కళ్లతో తిప్పి, కొత్త మాటలు పది రాసుకుని వెళ్లండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు. క్లాసులో ఆ మాట చెవిన పడ్డప్పుడు ఆగిపోకుండా ముందుకు పోగలిగితే చాలు.

సందేహం అడగడానికి లెక్చరర్ గదికి వెళ్లేటప్పుడు 'ఈ చాప్టర్ అర్థం కాలేదు సార్' అని వెళ్లకండి. దానికి ఆయన దగ్గర జవాబు ఉండదు, గంట పాఠం మళ్లీ చెప్పలేరు. మీరు ప్రయత్నించిన కాగితం తీసుకెళ్లి, 'ఇక్కడిదాకా వచ్చాను, ఈ మూడో వరస నుంచి నాలుగో వరసకి ఎలా వచ్చిందో తెలియలేదు మేడమ్' అంటే ఐదు నిమిషాల్లో తేలుతుంది, మీ పేరు కూడా గుర్తుంటుంది. మెయిల్ రాస్తే విషయం వరసలో సబ్జెక్టు పేరు, సెక్షన్, రోల్ నంబరు ఉండాలి. లోపల ఒకే ఒక్క అభ్యర్థన. రెండు సంగతులు అడిగితే సులువైనదానికే జవాబొస్తుంది. గడువు పొడిగించమని అడగాలంటే గడువుకి ముందే అడగాలి. ముందురోజు అడిగితే అభ్యర్థన, మర్నాడు అడిగితే సంజాయిషీ.

సీనియర్ల సలహాల్లో 'ఆ సబ్జెక్టు ఒక్క రాత్రిలో చదివేయొచ్చు' అన్నది అన్నిచోట్లా వినబడుతుంది. చెప్పేవాళ్లు అబద్ధమాడరు. కానీ ఒక్క రాత్రి చదివి పాసైనవాళ్లే ఆ మాట చెప్తారు, తప్పినవాళ్లు దాని గురించి మాట్లాడరు. సీనియర్లను అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఏ పుస్తకంలోంచి ప్రశ్నలొస్తాయి, ల్యాబ్ రికార్డు ఎలా రాస్తే వెనక్కి పంపరు, ఏ దరఖాస్తు ఏ కిటికీ దగ్గర ఇవ్వాలి. ల్యాబ్ అన్నాను కాబట్టి: రీడింగులు రాసిన కాగితం మీద ఆ రోజే సంతకం పెట్టించుకుని, రికార్డు వారంలోపే రాసేయండి. ఆరు ప్రయోగాలు పోగుపడ్డాక ఏ రీడింగు ఏ యూనిట్లలో తీశారో మీకే గుర్తుండదు.

టైమ్‌టేబుల్ వేసుకోమని అందరూ చెప్తారు, వేసినవి మూడో రోజుకే చెదిరిపోతాయి. గంటగంటకీ గడి గీసినందుకే అలా అవుతుంది. ఒక గడి తప్పితే ఆ రోజంతా పోయిందనిపిస్తుంది. వారాన్ని మొత్తంగా చూడటం మేలు. వారానికి 168 గంటలు. నిద్రకి 56, క్లాసులు, ల్యాబులకి ఓ 28, స్నానం, తిండి, తిరుగుడుకి రోజుకి మూడు చొప్పున 21. మిగిలేవి 63. అందులో 25 గంటలు సొంత చదువుకి పెట్టినా రోజుకి ఐదు గంటలకు పైనే మిగులుతుంది. టైమ్ లేదన్న మాట చాలామటుకు నిజం కాదు. ఉన్న టైమ్ ముక్కలై పోతుంది, అది నిజం. రెండు క్లాసుల మధ్య దొరికే యాభై నిమిషాలు వారానికి ఐదారుసార్లు వస్తాయి. గదికి వెళ్తే పోతాయి, లైబ్రరీకి వెళ్తే ఉంటాయి. ఆ యాభై నిమిషాలకు పని ముందే నిర్ణయించుకుని ఉండాలి. అప్పుడు ఆలోచించడం మొదలుపెడితే సగం ఆలోచనకే సరి.

వారానికోసారి, ఆదివారం రాత్రి అనుకుందాం, ఇరవై నిమిషాలు కూర్చుని నాలుగు అంకెలు రాయండి. ఒక్కో సబ్జెక్టులో ఇంకా ఎన్ని క్లాసులు మానగలను, ఒక్కో సబ్జెక్టులో పాఠం కంటే ఎన్ని క్లాసులు వెనకబడ్డాను, చేతిలో డబ్బెంత, ఈ వారం సగటున ఎన్ని గంటలు పడుకున్నాను. రెండో అంకె 3 దాటిన సబ్జెక్టు ఏదైనా ఉంటే వచ్చే వారం మొదటి పని అదే. స్కూల్లో టీచర్ చేసిన పని ఇది. ఇప్పుడు చేసేవాళ్లు లేరు కాబట్టి కాగితం చేస్తుంది.

నిద్ర గురించి ఎవరు చెప్పినా విసుగ్గా ఉంటుంది, అందుకని క్లుప్తంగా. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వయసుకి 7 నుంచి 9 గంటలు కావాలన్నది నిపుణుల మాట. ఆ వయసులో నిద్ర ఆలస్యంగా రావడం శరీర స్వభావమే, బద్ధకం కాదు. కాబట్టి పదింటికే పడుకోవాలని పట్టుబట్టడం కంటే, లేచే వేళను ఒకచోట కట్టేయడం సులువు. క్లాసున్న రోజు ఏడింటికి, సెలవు రోజు పదకొండింటికి లేస్తే ఆదివారం రాత్రి నిద్ర రాదు, సోమవారం మొదటి క్లాసు పోతుంది. సెలవు రోజున గంటన్నరకు మించి జరపకుండా చూసుకోండి. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి తాగిన కాఫీలో సగం తెల్లవారుజామున రెండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

గదిలో ఇంకొకరు ఉంటే మొదటి వారంలోనే, ఇంకా ఏ గొడవా లేనప్పుడే, ఐదు విషయాలు మాట్లాడుకోవాలి. లైటు ఎన్నింటికి ఆర్పాలి, రాత్రి ఫోన్ ఎక్కడ మాట్లాడుకోవాలి, బయటివాళ్లు ఎంతసేపు ఉండొచ్చు, ఎవరి రోజు ఎవరు ఊడవాలి, అడగకుండా ఏ వస్తువు తీసుకోవచ్చు, ఏది తీసుకోకూడదు. మొహమాటపడి వదిలేస్తే రెండో నెలలో ఇవే మాటలు అరుపులుగా బయటికొస్తాయి.

డబ్బు దగ్గర ఒకే ఒక్క సాంకేతిక తప్పు అందరూ చేస్తారు: నెల డబ్బును నాలుగు వారాలకు పంచుతారు. నెలంటే నాలుగు వారాలు కాదు, నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు. చివర్లో అప్పు చేసేది ఆ రెండు మూడు రోజులకే. ముందు అద్దె, ఫీజు లాంటి స్థిర ఖర్చులు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో పదో వంతు అనుకోని ఖర్చుకి తీసి, తక్కినది 30తో భాగించి 7తో హెచ్చిస్తే వారం డబ్బు వస్తుంది. ఆ మొత్తాన్ని మాత్రమే వారానికోసారి జేబులోకో, వేరే ఖాతాలోకో తెచ్చుకోండి. మొదటి నెల ఖర్చును చూసి బెదరకండి, బకెట్టు నుంచి దుప్పటి దాకా ఒక్కసారే కొనేవన్నీ అందులోనే ఉంటాయి. అసలు లెక్క రెండో నెలలోనే తెలుస్తుంది.

స్నేహాల దగ్గరికొస్తే, మూడో వారంలో చుట్టూ చూస్తే అందరికీ గుంపులు ఏర్పడిపోయినట్టు, మనమొక్కరమే మిగిలిపోయినట్టు కనిపిస్తుంది. 2018లో జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు వేసిన అంచనా ప్రకారం, పరిచయం మామూలు స్నేహంగా మారడానికి కలిసి గడిపిన సమయం ఓ 50 గంటలు కావాలి, స్నేహితుడు అనుకోవడానికి 90, ప్రాణ స్నేహానికి 200 దాటాలి. క్లాసు బయట వారానికి మూడు గంటలు కలిసి ఉంటే 50 గంటలకు పదిహేడు వారాలు, అంటే ఒక సెమిస్టర్ మొత్తం. మూడో వారంలో కనిపించే గుంపులు చాలావరకు ఒంటరిగా ఉండలేక పక్కపక్కన కూర్చున్నవాళ్లవే. అవి మధ్యలో మారుతూనే ఉంటాయి. గంటలు పోగుపడాలంటే ఒకే మనుషులు మళ్లీ మళ్లీ తారసపడే చోటు కావాలి. ఒక్కరోజు జరిగే పెద్ద సంబరాల కంటే, ప్రతి మంగళవారం ఆరింటికి ఉండే చిన్న క్లబ్బో, ఆటో, ముగ్గురు కలిసి లెక్కలు చేసుకునే బల్లో ఎక్కువ పనిచేస్తుంది.

ఇంటికి ఫోన్ విషయంలో కూడా వేళ ముఖ్యం. మనసు బాగోలేనప్పుడల్లా చేస్తే అమ్మానాన్నలకు రోజంతా అలాగే ఉన్నట్టు వినబడుతుంది. మీరు తేరుకుని నిద్రపోతారు, వాళ్లు పడుకోరు. రోజుకొక స్థిరమైన వేళ పెట్టుకుంటే మంచి రోజుల కబుర్లూ వెళ్తాయి. రెండు వారాలకు పైగా తిండి సయించక, నిద్ర పట్టక, క్లాసుకి లేవలేని స్థితి ఉంటే మాత్రం అది ఇంటి మీద బెంగ కాకపోవచ్చు. కాలేజీ కౌన్సెలర్‌నో డాక్టర్నో కలవాలి, ఇంట్లో కూడా చెప్పాలి.

ఒంట్లో బాగోనప్పుడు పనికొచ్చే చిన్న పెట్టె ముందే సర్దుకోండి: థర్మామీటరు, పట్టీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పారాసెటమాల్. ఓఆర్‌ఎస్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పారాసెటమాల్ పెద్దవాళ్లకి ఒక మోతాదు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, మోతాదుల మధ్య 4 నుంచి 6 గంటలు, రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో కూడా తరచూ ఇదే ఉంటుంది, పేరు వేరుగా ఉందని రెండూ కలిపి వేసుకోకండి. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే వేసుకోవాలి.

ఇన్ని చేసినా మొదటి మిడ్‌లో మార్కులు రాకపోవచ్చు. స్కూల్లో ఎప్పుడూ ముందు వరసలో ఉన్నవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. కానీ ఎక్కడెక్కడి ముందు వరసలవాళ్లనూ తెచ్చి ఒక క్లాసులో కూర్చోబెడితే, సగం మంది సగానికి కింద ఉండక తప్పదు. అది లెక్క, మీ మీద తీర్పు కాదు. పేపర్ చేతికి రాగానే బ్యాగులో కుక్కేయకుండా, పోయిన ప్రతి మార్కు పక్కనా ఎందుకు పోయిందో ఒక అక్షరం రాయండి. 'తె' అంటే అసలు తెలియదు, 'గు' అంటే చదివాను కానీ గుర్తురాలేదు, 'లె' అంటే లెక్క తప్పు, 'ప్ర' అంటే ప్రశ్న తప్పుగా చదివాను, 'టై' అంటే టైమ్ సరిపోలేదు. కూడి చూస్తే ఏదో ఒకటి ఎక్కువుంటుంది. మందు దాన్ని బట్టే. 'తె' ఎక్కువైతే క్లాసులో వెనకబడ్డారు. 'గు' ఎక్కువైతే చదువుతున్నారు కానీ మూసి రాసి చూసుకోవడం లేదు. 'టై' ఎక్కువైతే ఇంకా చదవడం వల్ల ఉపయోగం లేదు, గడియారం పెట్టుకుని పాత పేపర్లు రాయాలి. మార్కుల కూడికలో తప్పుంటే ఆ వారంలోనే అడగండి, జాబితా పైకి వెళ్లాక మార్చడం కష్టం. ఆ తర్వాత మొదటి వారం కాగితం తీసి లెక్క వేయండి. 30కి 12 వచ్చాయి, ఫైనల్ 70కి. మొత్తం 60 కావాలంటే ఫైనల్లో 48 రావాలి, ఐదు యూనిట్లుంటే యూనిట్‌కి దాదాపు పది. ఏ యూనిట్లో ఆ పది ఖాయం, ఎక్కడ కాదు అన్నది రాసుకుంటే వచ్చే సోమవారం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోతుంది.